అరకు దారిలో ఓ చప్పుడు కథ

తెర మీద హీరో మోటారు సైకిలెక్కి దూసుకొస్తుంటే హాల్లో ఈలలు పడతాయి. కాగితం ముక్కలు ఎగురుతాయి. అయితే ఆ బండి చప్పుడు చాలాసార్లు ఆ బండిది కానే కాదు! కెమెరా ముందు నడిచిన బండి ఒకటి, ఎడిటింగ్ అయ్యాక సౌండ్ ఎఫెక్ట్స్ వేసే థియేటర్లో దానికి తగిలించిన చప్పుడు ఇంకొకటి. నటుడికి గొంతు అరువిచ్చినట్టే బండికీ గొంతు అరువిస్తారన్నమాట.

1973లో ‘బాబీ’ విడుదలయ్యాక అందులో కనిపించిన రాజ్‌దూత్ బుల్లి బండికి జనం ‘బాబీ బండి’ అనే పేరు ఖాయం చేసేశారు. 1975లో ‘షోలే’ జై, వీరూలు సైడ్‌కారు బండెక్కి పాడుకుంటూ పోయారు. వాళ్ల బండికి ఏనాడైనా టాపెట్ కొట్టుకుందా? క్లచ్ జారిందా? సినిమాలో బండి ఆగితే హీరోయిన్ ఇంటి ముందు ఆగుతుంది. మన బండి ఆగితే? మెకానిక్ షెడ్డుకి మూడు కిలోమీటర్ల అవతల ఆగుతుంది!

నిజం బండికి డబ్బింగ్ లేదు మరి. దాని బాధ అది సొంత గొంతుతోనే చెప్పుకోవాలి. ఆ చెప్పేది అర్థం చేసుకోవడం ఎలాగో విశాఖపట్నం నుంచి అరకు వెళ్లి వచ్చిన రెండు రోజుల్లో నాకు తెలిసింది. ఈ వారం మీకు చెప్పబోయేది ఆ కథే. ఇందులో హీరోయిన్ లేదు, ముందే చెప్పేస్తున్నా! కానీ బండి ఉంది, కొండ ఉంది, కొండ కింద ఒక పెద్దాయన ఉన్నాడు.

విశాఖలో తీర్పు

బండి నాది కాదు, నా మిత్రుడిది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే వాళ్ల నాన్నగారిది. 1978 మోడల్ బుల్లెట్, 350 సి.సి. మద్రాసు శివారు తిరువొత్తియూరులో 1955 నుంచి తయారవుతూ వచ్చిన పాత ఇనుప ఇంజను రకం. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. ఈ కాలం బండి నడిపినవాడు దాన్నెక్కితే బ్రేకు అనుకుని గేరు తొక్కుతాడు!

ఆయన రోడ్లు, భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశారు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి దాకా ఘాట్ రోడ్డు మీద ఈ బండి తిరగని మలుపు లేదు. ఆయన పోయాక నాలుగేళ్లు వసారాలో గోనెపట్టా కింద పడుంది. మా వాడు ముచ్చటపడి బయటికి తీసి, టైర్లు మార్చి, స్టార్టు చేసి నాలుగు రోజులు తిప్పాడో లేదో, కొత్తగా ఒక చప్పుడు మొదలైంది. ‘కడక్... కడ కడక్...’ అని.

ఊళ్లో ఒక షెడ్డుకి తీసుకెళ్లాడు. వాళ్లు బండిని స్టాండు మీద నిలబెట్టి, యాక్సిలరేటరు నాలుగుసార్లు తిప్పి, బిగ్ ఎండ్ పోయిందన్నారు. బిగ్ ఎండ్ అంటే పిస్టన్ని క్రాంకుతో కలిపే కనెక్టింగ్ రాడ్డుకి కిందివైపు ఉండే బేరింగు. అది పోతే ఇంజను మొత్తం విప్పాల్సిందే. ఖర్చు ముప్పై వేల పైచిలుకు. ‘పెట్టినా గ్యారంటీ చెప్పలేం’ అని కూడా అన్నారు.

మా వాడి జీతానికి అది చిన్న మాట కాదు. ఈలోగా పాత బండ్లు కొని, విప్పి, విడిభాగాలు అమ్ముకునే వ్యాపారి ఒకడు వచ్చి చూసి ధర కట్టాడు. ఆదివారం సాయంత్రానికల్లా మాట చెప్పమన్నాడు. అంటే, బండి ఇక బండిగా ఉండదు. ట్యాంకు ఒక ఊరికి, ఇంజను ఒక ఊరికి, హెడ్‌లైటు ఎవరి డ్రాయింగ్ రూములోకో పోతాయి.

నాకేమో శుక్రవారం అరకు వెళ్లే పని పడింది. అక్కడి ఔట్‌డోర్ లొకేషన్ల మీద ఒక వ్యాసం రాసివ్వాలి. సంగతి వినగానే మా వాడు తాళం నా చేతిలో పెట్టాడు. “తీసుకెళ్లరా. నాన్న రోడ్డు అది. చివరిసారిగా ఓసారి చూసి రానీ” అన్నాడు.

పిన్నిగారు, అంటే మావాడి తల్లి, గుమ్మంలోంచి ఒక్క మాటే అన్నారు. “కోటలో మేస్త్రీ ఒకాయన ఉండేవాడు బాబూ. మీ బాబాయిగారు ఆయన్ని తప్ప ఇంకెవర్నీ ఈ బండి మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. ఉన్నాడేమో చూడు.”

శృంగవరపుకోట మేస్త్రీ

సినిమావాళ్లకి విశాఖ అంటే సముద్రమే. 1978లో ‘మరో చరిత్ర’ చూసిన కుర్రకారుకి భీమిలి దాకా ఉన్న తీరమంతా గుండెల్లో అచ్చు పడిపోయింది. అరకు వెళ్లేవాడు మాత్రం ఆ సముద్రానికి వీపు తిప్పి బయల్దేరాలి. పెందుర్తి, కొత్తవలస, లక్కవరపుకోట, శృంగవరపుకోట... మొత్తం సుమారు 115 కిలోమీటర్లు. సగం దారి దాకా మైదానం, ఆ తర్వాత కొండ.

మైదానంలో బండి బుద్ధిగానే నడిచింది. ఒకే వేగంతో పోతుంటే చప్పుడు ఉందా లేదా అన్నట్టుంది. ముందు లారీ అడ్డం వచ్చి వేగం తగ్గించి, మళ్లీ అందుకునేటప్పుడు మాత్రం ‘కడక్!’ అంటోంది.

కోటలో అడిగితే మేస్త్రీ షెడ్డు చూపించారు. డెబ్భై దాటిన మనిషి. రేకుల పంచన ముక్కాలిపీట మీద కూర్చుని ఏదో మోపెడ్ కార్బొరేటరు ఊదుతున్నాడు. బండిని చూడగానే లేచి నిలబడ్డాడు. నన్ను కాదు, బండిని పలకరించాడు. “ఇన్నాళ్లూ ఏ మూలున్నావే?” అని!

సంగతంతా చెప్పాను.

“ఏటి బావూ, ఇంజను ఇప్పేయాలన్నారా? ఎలగ తెలిసిందట ఆలకి?”

“స్టాండు మీద పెట్టి రేజ్ చేసి విన్నారట మేస్త్రీగారూ.”

“అదే మరి! కుర్సీలో కూకున్న మడిసికి ఆయాసం ఉందో నేదో ఎలగ తెలుస్తాది? మెట్లెక్కించాల గానీ!”

అలా అన్నాడే గానీ నన్ను గుడ్డిగా కొండ మీదికి తోలలేదు. ముందు ఇంజనులోంచి కాస్త ఆయిలు తీసి అరచేతిలో వేసుకుని, బొటనవేలితో రాసి, ఎండలోకి పెట్టి చూశాడు. బేరింగు నలిగిపోతుంటే ఇనుప రజను మెరుస్తుందట. మెరుపు లేదు. తర్వాత పైన హెడ్డుకి ఆయిలు తీసుకెళ్లే గొట్టం బోల్టు కొంచెం వదులు చేసి, ఇంజను తిప్పి చూశాడు. ఆయిలు ఊరింది. పంపు పనిచేస్తోందన్నమాట. బోల్టు బిగించి చేతులు తుడుచుకున్నాడు.

“ఎల్లిరా. మూడు సంగతులు ఇనుకుని రా. ఒకటి, సప్పుడు సల్లగున్నప్పుడా, ఏడెక్కినాకా? రెండు, బండి లాగినప్పుడా, ఒగ్గేసినప్పుడా? మూడు, పేలుడికి ఎన్నిసార్లు? లెక్కెట్టు. ఈ మూడూ సెప్పితే నాను నాలుగోది సెప్తాను. ఒకేల సప్పుడు నిముస నిముసానికీ పెరిగిపోతన్నాదనుకో, అక్కడే ఆపీసి బస్సెక్కి ఒచ్చీ. బండి నాను తెప్పిస్తాను.”

పాఠకులారా, ఆ మూడో ప్రశ్న చాలా గడుసుది. ఈ రకం ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే పెట్రోలు ఒక్కసారి మండుతుంది. సైలెన్సరులోంచి మనకి వినిపించే ‘దమ్’ అదే. వాల్వులు తెరిచి మూసే సరంజామా, అంటే టాపెట్లు, పుష్‌రాడ్లు, కూడా ఆ రెండు చుట్లకి ఒక్కసారే కదులుతాయి. కాబట్టి ఒక దమ్‌కి ఒక టిక్కు వినిపిస్తే తప్పు వాల్వుల వైపు. పిస్టను, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు ప్రతి చుట్టుకీ పని చేస్తాయి. ఒక దమ్‌కి రెండు కొట్లు పడితే అనుమానం కింది భాగం మీద. తాళం తెలిసినవాడికి సగం రోగం తెలిసినట్టే!

కొండ ఎడమకి... కొండ కుడికి

బొడ్డవర దాటగానే నేల లేచి నిలబడుతుంది. పక్కనే ఎక్కడో కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం కూడా కొండెక్కుతూ ఉంటుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి ఎగుమతి చెయ్యడానికి 1960లలో వేసిన లైను అది. అరకు చేరేలోగా రైలు ఎన్నో సొరంగాలు దాటుతుంది. రైలు కొండలోంచి దూరి పోతుంది, రోడ్డు కొండని చుట్టి పోతుంది. తేడా అంతే.

నాలుగో గేరులో ఎత్తు తగిలింది. బండి బరువుగా లాగుతోంది. మొదలైంది... ‘కడక్... కడక్ కడ కడక్...’ మూడో గేరుకి దించాను. ఇంజను కాస్త చురుగ్గా తిరిగేసరికి చప్పుడు సన్నగిల్లింది. మళ్లీ నాలుగులో వేసి లాగిస్తే మళ్లీ వచ్చింది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. ఎత్తు మీద, ఎక్కువ గేరులో, తక్కువ వేగంలో లాగించినప్పుడు పెట్రోలు అకాలంగా పేలి, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు చప్పుడు రావడం ఉంది. పింకింగ్ అంటారు. ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగినా, హెడ్డులో మసి పేరుకున్నా వస్తుంది. కానీ అది లాగినప్పుడు మాత్రమే వస్తుంది. యాక్సిలరేటరు వదిలితే పోవాలి. ఇది అలా కాదు. వదిలినప్పుడు ఒకసారి, మళ్లీ అందుకున్నప్పుడు ఒకసారి గట్టిగా ‘కడక్’మంటోంది. రెండో ప్రశ్నకి జవాబు దొరికింది: లాగినప్పుడూ, వదిలినప్పుడూ కాదు... ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు!

ఇక లెక్క. ‘దమ్... దమ్... దమ్...’ తాళం వేసుకుంటూ లెక్కపెట్టాను. ఒక దమ్‌కి ఒక కడక్, తర్వాతి దమ్‌కి రెండు, ఆ తర్వాత దానికి అసలు లేదు, మళ్లీ మూడు. టైడా చేరేదాకా లెక్కపెట్టాను. కుదరలేదు. ఒకటికి ఒకటీ కాదు, ఒకటికి రెండూ కాదు.

ఇంతలో ఒక చిత్రం గమనించాను. ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ కొండ పక్క మార్చుకుంటుంది. కాసేపు కొండగోడ ఎడమన, లోయ కుడిన. జడపిన్ను మలుపు తిరిగితే కొండ కుడికి, లోయ ఎడమకి. కొండగోడ పక్కనుంచి పోతుంటే మన ఇంజను చప్పుడు గోడకి కొట్టుకుని మన చెవికే తిరిగొస్తుంది. రికార్డింగ్ థియేటర్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నట్టే! కొండ కుడికి వచ్చినప్పుడు సైలెన్సరు దమ్‌దమ్ తిరిగొచ్చింది, సన్నగా టాపెట్ల టిక్కుటిక్కు తిరిగొచ్చింది. కడక్ రాలేదు. కొండ ఎడమకి రాగానే దమ్‌దమ్‌తో పాటు కడక్ కూడా గోడలోంచి ఊడిపడ్డట్టు వచ్చింది.

ఒకసారైతే యాదృచ్ఛికం అనుకోవచ్చు. అనంతగిరి చేరేలోగా డజనుసార్లు అదే తంతు. బుల్లెట్టులో సైలెన్సరు, టాపెట్లు కుడివైపు. మరి ఎడమవైపు ఉన్నదేమిటి? ప్రైమరీ కేసు. అంటే ఇంజను శక్తిని క్లచ్‌కి అందించే చిన్న చైను తిరిగే పెట్టె.

అన్నట్టు, చైను చప్పుడు ఎంత పనిచేస్తుందో మన ప్రేక్షకులకి కొత్తగా చెప్పాలా? 1989లో ‘శివ’లో నాగార్జున సైకిలు చైను లాగిన దృశ్యం ఇప్పటికీ కళ్లకి కట్టినట్టే ఉంటుంది. అది తెగిన చైను. మా అనుమానం తెగని చైను మీద!

అనంతగిరిలో కాఫీ తోటల పక్కన బండి ఆపి కాఫీ తాగాను. బొంగులో చికెన్ కాలుస్తున్న కుర్రాడు బండి చుట్టూ ప్రదక్షిణం చేసి “ఏ సినిమాలోది అన్నా?” అని అడిగాడు. “ఇంకా రిలీజ్ కాలేదు” అన్నాను. ఇంజను నిదానంగా నడుస్తుండగా క్లచ్ నొక్కి చూశాను. చప్పుడు తీరు మారింది. వదిలితే మళ్లీ మొదటికొచ్చింది. క్రాంకు లోపలి బేరింగుకి క్లచ్‌తో అంత లావాదేవీ ఉండకూడదు కదా!

అరకులో తెల్లవారుజాము

డిసెంబరు నెల. 2022లో ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వస్తుంది ఇప్పుడు అరకు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. శనివారం పొద్దున్న ఆరింటికి మంచులో బండి ట్యాంకు ముట్టుకుంటే వేళ్లు కొరికింది. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఇంతకన్నా మంచి లొకేషన్ ఏముంటుంది?

డీకంప్రెసర్ నొక్కి, పిస్టన్ని సరైన చోటికి తెచ్చి కిక్కు కొట్టాను. మూడో కిక్కుకి అందుకుంది. వెంటనే కొత్త చప్పుడు! ‘కట కట కట’ అని, ఖాళీ పెట్టెని వేళ్లతో వాయించినట్టు. ఒక్క క్షణం కంగారు పడ్డమాట నిజం. ఐదు నిమిషాలకి ఇంజను వేడెక్కింది, ఆ కటకట మాయమైంది.

దీనికి కారణం సులువే. పిస్టను అల్యూమినియంది, సిలిండరు పోత ఇనుముది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టను కాస్త వదులుగా ఉండి గోడలకి తగులుతుంది. వేడెక్కితే ఉబ్బి సరిపోతుంది. పాత ఇంజనులో పొద్దున్నే ఐదు నిమిషాల కటకట పెద్ద జబ్బు కాదు, వయసు. వేడెక్కాక కూడా ఉంటే అప్పుడు బోరు గురించి ఆలోచించాలి.

మన ‘కడక్’ మాత్రం చల్లదనానికీ తగ్గలేదు, వేడికీ పెరగలేదు. ఎప్పటిలాగే ఉంది. మూడు జవాబులూ జేబులో వేసుకుని కొండ దిగాను. దిగేటప్పుడు మూడో గేరులో యాక్సిలరేటరు మూసేసి, ఇంజనునే బ్రేకుగా వాడుకుంటూ వచ్చాను. ప్రతి మలుపులోనూ అందుకున్నప్పుడల్లా అది ‘నేనున్నా’నంటూ పలికింది.

స్క్రూడ్రైవరు స్టెతస్కోపు

మేస్త్రీ అంతా విన్నాడు. వేడికీ చల్లదనానికీ తేడా లేదన్నప్పుడు తలూపాడు. మారేటప్పుడే వస్తోందన్నప్పుడు కళ్లు చిన్నవి చేశాడు. లెక్క కుదరలేదన్నప్పుడు నవ్వాడు.

“కుదరదు బావూ. అదే జవాబు. టాపెట్టైతే లెక్కలో కొట్టాల, రాడ్డైతే లెక్కలో కొట్టాల. సైనుకి లెక్కేటి? దాని పొడుగు దానిది, సక్రం సుట్టు దానిది. వొదులున్న సోట ఎప్పుడొస్తే అప్పుడు కొడతాది.”

కొండ ఎడమకి వచ్చినప్పటి సంగతి చెప్పగానే పీట ముందుకి జరుపుకున్నాడు. అయితే తేలిగ్గా ఒప్పుకోలేదు సుమండీ! “కొండ ఎడమకుంటే నువ్వు దానికి ఆనుకుని ఎల్తావు. కుడికుంటే మద్దిన రోడ్డంత ఎడం. అందుకే కుడేపు ఇనిపించనేదేమో?” అని అడ్డు ప్రశ్న వేశాడు.

“మరి దమ్‌దమ్ రెండు వైపుల నుంచీ వచ్చింది కదా మేస్త్రీగారూ?”

“ఊ... అలగైతే సూడాల్సిందే” అని పొడుగాటి స్క్రూడ్రైవరు తీశాడు.

1816లో లెనెక్ అనే ఫ్రెంచి డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నాడు. స్టెతస్కోపు పుట్టుక అది. మన మేస్త్రీలకి స్క్రూడ్రైవరే స్టెతస్కోపు. మొన ఇంజను మీద, పిడి చెవి వెనక ఎముకకి ఆనించి వింటారు. ఇనుము ద్వారా చప్పుడు గాలికన్నా నేరుగా వస్తుంది. కుడివైపు క్రాంకు కేసు మీద పెట్టి విని, పెదవి విరిచాడు. సిలిండరు కింది భాగం మీద పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. ఎడమవైపు ప్రైమరీ కేసు మీద పెట్టాడు. మాట్లాడకుండా పిడి నా చెవికి ఆనించాడు. లోపల ఎవరో సుత్తితో తలుపు కొడుతున్నారు!

ఇంజను ఆపి, కేసు మీది బిరడా తీసి వేలు పెట్టాడు. చైను పావు అంగుళం ఊగితే సరి. ఇది అంగుళం దాకా లేచింది. కిక్కు కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగు చోట్ల చూశాడు. ఒకచోట అంగుళం, ఒకచోట అందులో సగం. అరిగిన చైను అన్నిచోట్లా సమంగా అరగదు మరి.

ఎడమ ఫుట్‌రెస్టు, బ్రేకు పెడలు తీసి, మధ్యనున్న ఒకే ఒక్క నట్టు విప్పితే మూత చేతిలోకి వచ్చింది. సాక్ష్యం అక్కడే ఉంది. మూత లోపలివైపు చైను గీరిన చోట అల్యూమినియం వెండి గీతలా మెరుస్తోంది. చైనుని బిగువుగా ఉంచే చెప్పు అరిగి రేకయిపోయింది. చైను ఊడదీసి పక్కకి అడ్డంగా పట్టుకుంటే విల్లులా వంగింది. నలభై ఏళ్లు దాటిన ఏ బండికైనా వచ్చే అరుగుదలే ఇది. పైగా నాలుగేళ్లు పలకరించిన దిక్కు లేదు.

కొత్త చైను, కొత్త చెప్పు, కేసులోకి కొత్త ఆయిలు. బిగించేటప్పుడు చైను అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోటు వెతికి అక్కడ పావు అంగుళం ఉంచాడు. “వొదులు సోట సూసి బిగిస్తే బిగువు సోటికొచ్చీసరికి బేరింగు పీకేస్తాది” అన్నాడు. రెండు గంటల పని. ఖర్చు, విశాఖలో చెప్పిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు.

బొడ్డవర దాకా వెళ్లి వచ్చాను. నాలుగో గేరులో ఎత్తు మీద లాగించాను, వదిలాను, అందుకున్నాను. దమ్... దమ్... దమ్. అంతే!

టాపెట్ల టిక్కుటిక్కు మిగిలిందని చెబితే, చల్లారనిచ్చి పుష్‌రాడ్లు వేళ్లతో తిప్పి చూశాడు. సులువుగా తిరుగుతున్నాయి, పైకీ కిందికీ ఆడటం లేదు. “సరిగున్నాయి, ఉండనీ. టాపెట్టు సప్పుడు ఇనిపిస్తన్నాదంటే వాలు మూసుకుంటన్నాదని. ఇనిపించకపోతే అప్పుడు బయపడు.” నిజమే. మరీ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. చప్పుడు లేని ఇంజను మంచి ఇంజనని ఎవరు చెప్పారు?

మీ బండికీ పనికొస్తుంది

పాత బండి ఉన్న కుర్రాళ్లు ఎంతోమంది ఈ పేజీ చదువుతారని తెలుసు. ఆయన పద్ధతి మీకూ ఉపయోగపడుతుంది.

కొత్త చప్పుడు వినగానే ముందు ఆయిలు చూడండి. తగ్గిందా, రజను మెరుస్తోందా? ‘గుబ గుబ’మని లోతుగా, లాగినప్పుడల్లా, లెక్కలో కొడుతూ పెరుగుతుంటే అది బిగ్ ఎండే కావచ్చు. అప్పుడు బండి నడపకండి, తోసుకుపోండి. అది నాలుగు కిలోమీటర్లలో క్రాంకుని తినేస్తుంది.

‘టిస్ టిస్’ అని టాపెట్‌లాగే వినిపిస్తే సైలెన్సరు గొట్టం హెడ్డులోకి వెళ్లే చోట చూడండి. అక్కడ నల్లటి మసి చార కనిపిస్తే పొగ లీకు. టాపెట్లని తిట్టిపోయకండి.

ఒక్క వేగం దగ్గరే మోగి, ఆ వేగం దాటగానే పోతే నట్లూ బోల్టులూ చూడండి. ఇంజను బిగించిన బోల్టులు, మడ్‌గార్డు, ట్యాంకు. పదిసార్లలో కొన్నిసార్లు ‘ఇంజను రోగం’ అక్కడే దొరుకుతుంది.

ఘాట్ దిగుతూ చాలాసేపు యాక్సిలరేటరు మూసి, మళ్లీ తెరవగానే వెనక నీలం పొగ లేస్తే వాల్వు గైడ్లు అరిగి ఆయిలు లోపలికి పీలుస్తున్నాయని అనుమానించండి. వెనక వచ్చే స్నేహితుణ్ణి చూడమనండి. అద్దంలో చూస్తూ మీరే మలుపు తప్పకండి!

ఇంకొకటి. స్క్రూడ్రైవరు పెట్టి వినేటప్పుడు తిరిగే చైనుకీ, కాలే సైలెన్సరుకీ, స్పార్క్ ప్లగ్ వైరుకీ దూరంగా ఉండండి. వదులు చొక్కా, మెడలో కండువా అసలొద్దు. హీరో వేషాలు తర్వాత వేద్దాం.

ఎవరైనా విప్పాలంటే మాత్రం ఆయన అడిగిన మూడు ప్రశ్నలూ వాళ్లని అడగండి. ఎప్పుడు, ఏం చేస్తే, ఎన్నిసార్లు? జవాబు లేనివాడి చేతికి స్పానరు ఇవ్వకండి.

ఆదివారం సాయంత్రం

కోట నుంచి బయల్దేరేటప్పుడు మేస్త్రీని అడిగాను, “ఇక ఈ బండికి ఢోకా లేదా?” అని.

“అలగని నానేటి సెప్పగలను? ఓ ఏడాదికో రెండేళ్లకో రింగులు అడుగుద్ది. అడిగినప్పుడే పెట్టండి. అడక్కుండా ఏటీ ఇప్పకండి” అన్నాడు. మజూరీ తీసుకుని పాత చైను ఒక కాగితంలో చుట్టి ఇచ్చాడు, మా వాడికి చూపించమని.

చీకటి పడ్డాక విశాఖ చేరాను. ఆ రాత్రి మా వాడు నమ్మలేదు. ఆదివారం ఉదయమంతా తనే నడిపి చూశాడు. సింహాచలం కొండెక్కి దిగాడు. తిరిగొచ్చి ఏమీ మాట్లాడకుండా వసారాలో పాత చైనుని అటూ ఇటూ వంచుతూ కూర్చున్నాడు.

పిన్నిగారు కాఫీ గ్లాసులు తెచ్చి ఆ చైను చూశారు.

“చైనేనా? అనుకున్నా. వదులైతే ఇలాగే గిన్నెలు దొర్లినట్టుండేది. మీ బాబాయిగారు ఆదివారం పొద్దున్నే ఆ మూత విప్పుకుని కూర్చునేవారు, నేను తువ్వాలు అందించేదాన్ని” అన్నారు.

మా వాడు తెల్లబోయాడు. “మరి చెప్పలేదేమే అమ్మా?”

“నన్నెవరు అడిగారురా?”

ఆ ఇంట్లో ముప్పై ఏళ్లపాటు ప్రతి సాయంత్రం ఆ బండి వీధి మలుపు తిరగడం విని స్టవ్వు మీద టీ నీళ్లు పెట్టిన మనిషి ఆవిడ. బండి గురించి అందర్నీ అడిగాం, ఆవిడ్ని తప్ప.

సాయంత్రం ఐదింటికి వ్యాపారి ఫోను చేశాడు. మా వాడు మూడు ముక్కల్లో చెప్పాడు.

“అమ్మడం లేదండీ. నడుస్తోంది.”